గోడ మీద ఖాళీ మేకు

జుట్టుకి చుట్టిన వేడి రోలర్లు పూర్తిగా చల్లారేదాకా వాటి జోలికి పోవద్దని చెప్పి వెళ్ళింది అమ్మ. పోయావా, నా చేతిలో అయిపోయావే అని కూడా చెప్పింది, కారు తాళాలు పళ్ళతో కరిచిపట్టుకుని, హెయిర్ స్ప్రే డబ్బా చంకలో ఇరికించుకుని, ఆ తాళాల సందుల్లోంచే. సెలూన్‌లో పేటన్ జుట్టు పూర్తిచేసి వచ్చేస్తాను, నేను వచ్చేసరికి ఇదే కుర్చీలో ఇలాగే ఉండాలి. బ్రెన్నా ఇలాగే ఉంది. వంటింటి కుర్చీలో మెడ నిటారుగా పెట్టి, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తల మీద ఎవరో వేడి వేడి గిన్నె బోర్లించినట్టు ఆ బరువు మోస్తూ. ఎడమవైపు అమ్మ రెండు రోలర్లు ఎక్కువే చుట్టింది, ఎందుకో చెప్పలేదు, చెప్పక్కర్లేదు. ఆ వైపు ఉంగరాలు ఒత్తుగా పడాలి, చెవి మీద తెరలా వాలాలి, అంతే. అందులో ఒక రోలరు చెవి పైఅంచుకి ఆనుకుని ఉంది, ఆనుకున్నట్టు మాత్రం తెలీడం లేదు, చెవిలో ఆ భాగానికి వేడీ చల్లనా ఏదీ తెలీదు ఫిబ్రవరి నుంచి. కింద తమ్మె దగ్గరకొచ్చేసరికి చురుక్కుమంటుంది. ఒకే చెవిలో సగం తనది, సగం ఎవరిదో రాయి. ఎవరిదో ఏమిటి, నాదే, అనుకుంది బ్రెన్నా. ఆ రాయి కూడా నాదే.

కిటికీ బయట మొక్కజొన్న జల్లు వేసి నిలబడి ఉంది, గాలి లేదు, ఆగస్టులో ఆ చేలన్నీ చెమటలు కక్కుతాయి, పొద్దున్నే అద్దాల మీద నీళ్ళు కారతాయి. కీచురాళ్ళు అరుస్తున్నాయి. నోరు ఎండిపోయింది. నాలుకతో పెదవులు తడుపుకోబోయి, తడి కూడా లేదని గ్రహించి, అప్పుడు కానీ గుర్తుకి రాలేదు నిన్న సాయంత్రం నుంచి తను మంచినీళ్ళు తాగలేదని. రాత్రి అన్నాల దగ్గర ప్లేటు పక్కకి నెట్టేసింది. పడుకునే ముందు పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలించి ఉమ్మేసింది, గుటక వెయ్యలేదు. పొద్దున లేచి స్నానాలగదిలో తూకం మిషను ఎక్కి అంకె చూసి తల ఊపి దిగింది. ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేసింది. రేపు పొద్దున ఎక్కడికో వెళ్ళాలి, అక్కడ నలుగురి ముందు నిలబడాలి, ఎవరో ఒకాయన మనల్ని చూసి రాసుకుంటాడు అనగానే ఒళ్ళు దానంతటదే, కుస్తీ పోటీల ముందులాగే, తూకానికి సిద్ధమైపోయింది. ఫోటో తీయించుకోవడానికి బరువు తగ్గించుకున్న పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను ఈ జిల్లాలో, అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే రోలర్లు టకటకలాడాయి.

"ఏం నవ్వుకుంటున్నావే ఒక్కదానివీ?" అంది అమ్మమ్మ పొయ్యి దగ్గర్నుంచి.

"ఏం లేదు."

"ఏం లేనిదానికి నవ్వేవాళ్ళని మా కాలంలో పట్నం పిచ్చాసుపత్రికి పంపించేవాళ్ళు. కొలాచీ తింటావా? ఇప్పుడే దింపాను. ఆప్రికాట్‌ది తిను, గసగసాలది ముట్టుకోకు. పళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయి, మీ అమ్మ నన్ను కాల్చేస్తుంది."

వద్దు అంది. అలవాటుగా అంది. ఓవెన్‌లోంచి వచ్చిన ట్రే మీద రొట్టెలు గుండ్రంగా ఉబ్బి, నడిమధ్య గుంటలో పండు గుజ్జు బుడబుడలాడుతూ ఉంది, వెన్న వాసన వంటింటి గోడలకి కూడా పట్టింది, వద్దు అంది. అమ్మమ్మ భుజాలెగరేసి ట్రే బల్ల మీద పెట్టి, ఎడమ చేత్తో ఒక్కొక్కటే తీసి జాలీ మీద సర్దుతోంది. ఆ చేతికి ఉంగరపు వేలు లేదు. లేని వేలి చోటు మిగతా వేళ్ళు ఎప్పుడో సర్దుకుని ఆక్రమించేశాయి. కొలాచీని పట్టుకుంటే వేలు లేనట్టే అనిపించదు, గ్లాసు పట్టుకుంటే మటుకు ఆ సందులోంచి నీళ్ళు మెరుస్తాయి. పెళ్ళి ఉంగరం కుడి చేతికి ఉంటుంది. చిన్నప్పుడు బ్రెన్నా ఆ చేయి పట్టుకుని చర్చికి వెళ్ళేది, ఆదివారాలు, ఆ సందులో తన వేలు సరిగ్గా పట్టేది, అందరి అమ్మమ్మలకీ మనవరాలి వేలు పెట్టుకోడానికి చోటు ఉంటుంది కాబోలు అనుకునేది.

ఆ చేతికి ఫోటోలో వేళ్ళన్నీ ఉన్నాయి. వీధి తలుపు నుంచి వంటింటి దాకా ఉన్న నడవా గోడ మీద, వంటింటి వైపు నుంచి వరసలో మొదటిది అమ్మమ్మ ఫోటో, ఎడమ చెయ్యి గడ్డం కింద ఆనించి. హైస్కూలు ఆఖరి ఏడాదిలో అడుగు పెట్టబోయే ముందు ఈ ఇంట్లో ఆడపిల్లలందరూ దిగిన ఫోటోలు అవి. అందరూ గెర్డెస్ స్టూడియోలోనే దిగారు, అందరి భుజాల మీదా అదే నల్ల మఖ్మల్ గుడ్డ, భుజాల కిందికి జార్చి వెనక క్లిప్పులు పెడతారు, ముందునుంచి చూస్తే రాణుల్లా ఉంటారు, వెనక నుంచి చూస్తే లోపలి బనియను కనిపిస్తుంది. అందరి కుడి చెంపా ముందుకు, అందరి చూపూ వీధి తలుపు వైపుకి. అమ్మమ్మ తర్వాత రోండా పెద్దమ్మ, ఆవిడకి ముఖం నిండా చుక్కలు, ఎండాకాలం వస్తే మెడ దాకా దిగుతాయి, ఫోటోలో ఒక్కటీ లేదు, ఒలిచిన గుడ్డులా నున్నగా ఉంది. తర్వాత అమ్మ. అమ్మ జుట్టు ఫ్రేము అంచులు తాకుతూ ఉంది, ఆ రోజుల్లో అంత ఎత్తు లేపేవారట, అమ్మ నోరు మూసుకుని నవ్వుతోంది. అమ్మకి ముందు పన్ను ఒకటి మీదికి ఉంటుంది, గట్టిగా నవ్వినప్పుడు చేత్తో కప్పుకుంటుంది ఇప్పటికీ. అమ్మ తర్వాత, తలుపు పక్కన, మేకు. ఫోటో లేదు, మేకే. జూన్‌లో స్కూలు మూసిన వారమే కొట్టేసింది అమ్మ, టేపుతో కొలిచి, పెన్సిలుతో గీత గీసి. బయటినుంచి వచ్చిన ప్రతిసారీ బ్రెన్నా భుజం దానికి తగలబోయి తప్పుకుంటుంది.

ఆ మేకు మీదికి ఎవరు రావాలి అన్నదే ఇప్పుడు పేచీ. పేచీ అని పైకి ఎవరూ అనలేదు. అమ్మ రోలర్లు చుట్టింది, బ్రెన్నా చుట్టించుకుంది. పైకి చూస్తే ఆ ఇంట్లో పేచీ ఏమీ లేదు.

పోయిన వారం సెలూన్‌లో, ఎవరి తలకో రంగు పూస్తూ చేతులకి తొడుగులు ఉండేసరికి అమ్మ ఫోను స్పీకరులో పెట్టింది, అవతల లైల్ గెర్డెస్, స్టూడియో ఇప్పుడు ఆయనదే, వాళ్ళ నాన్న పోయాక నడుపుతున్నాడు. ఏం కంగారు పడకు డెనీస్, అంటున్నాడు, కుడి చెంప ముందుకు పెడితే ఆ చెవి సగం పోతుంది, నువ్వు జుట్టు వేస్తే ఇంకాస్త పోతుంది, అప్పటికీ మిగిలిందనుకో, కుడి చెవి తీసి తిరగేసి అటు అతికించేస్తాను కంప్యూటర్లో, కనిపెట్టినవాళ్ళకి నా కెమెరా ఇచ్చేస్తా పో. అమ్మ నవ్వింది. తల రంగు వేయించుకుంటున్న ఆవిడ కూడా నవ్వింది. బ్రెన్నా మూల నిలబడి తువ్వాళ్ళు మడత పెడుతోంది, మడత పెడుతూ తన ఎడమ చెవి చోట కుడి చెవి ఊహించుకుంది, ఆ చెవితో ఆ అమ్మాయికి ఏం వినిపిస్తుంది, ఆ అమ్మాయి ఎక్కడ పెరిగింది, ఏ మ్యాట్ మీదా పడుకోలేదు ఆ అమ్మాయి, ఎవరి మోకాలి కిందా ఊపిరాడక కొట్టుకోలేదు, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ బుడిపెలు నీటుగా పెట్టుకుని తిరుగుతుంది. బ్రెన్నా ఎడమ చెవిలో అవి నిలవవు. జారి పడిపోతాయి. పాట ఎప్పుడూ సగమే వింటుంది. ఫోటోలో ఉండబోయే ఆ అమ్మాయి మొత్తం వింటుంది.

"మరి కార్సన్‌ది?" అంది ఆ రోజు, తలరంగు ఆవిడ వెళ్ళాక. తన కుస్తీ జట్టులోనే ఉన్న కార్సన్ హ్రూష్కా ఫోటో స్టూడియో అద్దంలో పెట్టారు, పెద్దది, పొయ్యేవాళ్ళకీ వచ్చేవాళ్ళకీ కనపడేలా. వాడికి రెండు చెవులూ అలాగే అయ్యాయి, బన్ను పిండి నలిపి అతికించినట్టు. నల్ల కోటు ముందు సగం, వెనక ఏమీ లేదు, అబ్బాయిలకి కూడా అంతా అలా సగమే తొడుగుతారు, ముఖం పక్కకి తిప్పించి మరీ చెవికి వెలుగు పెట్టాడు లైల్. చూడు, వాడి చెవి చూడు, వాళ్ళ నాన్న చెవే, అని హ్రూష్కా వాళ్ళ బామ్మ అద్దం ముందు నిలబడి అందరికీ చూపిస్తుంది.

"వాడి సంగతి వేరు."

"ఏం వేరు?"

"వాడు రాష్ట్రపోటీల్లో మూడో స్థానంలో వచ్చాడు." అమ్మ నేల మీది జుట్టు ఊడుస్తోంది. "నీకూ మెడల్ ఉంటే మెడలో వేసుకుని దిగు, నేనే దగ్గరుండి వేస్తాను. అదీ లేదాయె."

అన్నాక అమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చింది. తలెత్తలేదు. బ్రెన్నా తువ్వాళ్ళు మడత పెట్టడం ఆపలేదు. ఆ మాటకి జవాబు అప్పుడు దొరకలేదు, వారం రోజులుగా దొరకడం లేదు, దొరికిందనుకుని నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంటోంది. నిజమే కదా, లేదు. ఇంట్లో ఎక్కడ వెతికినా లేదు. మెడల్ వచ్చే రౌండ్లో ఓడిపోయింది, నెత్తురు రౌండ్ అంటారు దాన్ని, గెలిస్తే మెట్టు మీద ఏదో ఒక చోట నిలబడతావు, ఓడితే సంచీ సర్దుకుని మీ అమ్మ కారెక్కుతావు. ఒక్క పాయింటు. ఆ ఒక్క పాయింటు గురించి కోచ్ హావర్ ఎంతో మంచిగా మాట్లాడాడు, వచ్చే ఏడాది ఉందిగా అన్నాడు, భుజం తట్టాడు, ఆయన మంచిగా మాట్లాడుతుంటేనే ఎక్కువ మండింది.

చెవి మొదటిసారి ఉబ్బింది జనవరిలో, అబ్బాయిలతో ప్రాక్టీసులో, కార్సన్ తల వచ్చి తగిలి చెవుల మీది తొడుగు పక్కకి జారింది, ఆ జారిన అంచే కోసింది లోపల. సాయంత్రానికి చెవి రేగ్గాయలా నిండింది. డాక్టరు సిరంజి పెట్టి లాగాడు, ఎర్రని నీళ్ళు. నాలుగు రోజులకి మళ్ళీ నిండింది, మళ్ళీ లాగాడు. మూడోసారి నిండినప్పుడు ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇది తీశాక గట్టిగా కట్టు కట్టాలి, కట్టు ఉన్నంత కాలం మ్యాట్ ముట్టుకోకూడదు, తియ్యకపోతే ఇలాగే గడ్డకట్టి బిగుసుకుపోతుంది, జన్మకి ఇంతే, అన్నాడు. రాష్ట్రపోటీలు ఆ వారంలోనే. అమ్మ, ఇంకేముంది తీసెయ్యండి అంది. బ్రెన్నా, వద్దు అంది. ఇద్దరూ ఒకేసారి అన్నారు. డాక్టరు ఇద్దర్నీ చూసి, చెవి ఎవరిది, అన్నాడు నవ్వుతూ, ఊరికే అన్నాడు, తేలిక చెయ్యడానికి. నాది, అంది బ్రెన్నా. ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే, తను ఇంతవరకు నలుగురిలో గట్టిగా చెప్పిన మాట అదొక్కటే. స్కూల్లో ఏం తీసుకోవాలో కౌన్సెలరు చెప్పింది, చర్చిలో ఏం పాడాలో ఫాదరు చెప్పాడు, రోలర్లు ఎలా చల్లారాలో అమ్మ చెప్పింది. చెవి విషయం తను చెప్పింది. అమ్మ దారంతా మాట్లాడలేదు.

ఆ అమ్మాయి ఏ ఊరిదో, ఆ నెత్తురు రౌండ్ అమ్మాయి, మోచేతులు ఇనుపకడ్డీలు. ఆట చివర్లో పైకి వచ్చి, గడ్డం తెచ్చి సరిగ్గా ఎడమ చెవి తొడుగు మీద ఆనించి నొక్కింది, తెలిసే నొక్కింది, అది తప్పు కాదు, తనైనా అదే చేసేది. తొడుగు లోపల చెవి పగిలిన పండులా అయింది. కళ్ళ ముందు తెల్లగా అయింది. మ్యాట్ వాసన, క్లోరిన్, రబ్బరు, ఎవరిదో నిన్నటి చెమట. తొడుగుకి చెవి దగ్గర చిల్లులుంటాయి, ఆ చిల్లుల్లోంచి ఆ పెద్ద హాలు గోల అంతా నీళ్ళ కింద నుంచి వచ్చినట్టు వచ్చింది, కోచ్ గొంతు కూడా తెలీలేదు, ఒక్క గొంతు మాత్రం చీల్చుకుని వచ్చింది, లే, లేవే బ్రెన్నా, లే, నడుము ఎత్తు, లేవే నా తల్లీ, అని. అమ్మ. చర్చిలో మాస్ జరిగేటప్పుడు దగ్గొచ్చినా రుమాలు అడ్డం పెట్టుకునే అమ్మ. చేయి అడ్డం పెట్టుకోకుండా, పన్ను కనిపిస్తుందని కూడా చూసుకోకుండా, నోరంతా తెరిచి. ఆ గొంతు విని నడుము ఎత్తింది. సగం లేచింది. టైము అయిపోయింది. ఒక్క పాయింటు. ఇంటికి వస్తూ దారి పొడుగునా అమ్మ ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఐసు సంచీ పట్టుకుని తన చెవికి ఆనించి నడిపింది, చేయి తిమ్మిరెక్కిందని ఒక్కసారి కూడా అనలేదు, మంచు పడుతోంది, వైపర్లు కొట్టుకుంటున్నాయి. అదే ఆఖరు. చెవి గట్టిపడ్డాక అమ్మ దాన్ని ముట్టుకోలేదు. సెలూన్‌లో తల కడిగేటప్పుడు కూడా వేళ్ళు చెవి దాకా వచ్చి, చుట్టూ తిరిగి, అవతలి నుంచి వెళ్ళిపోతాయి.

కుడుము అని పిలిచేవాళ్ళు మార్చిలో, లంచ్ దగ్గర. ఒసేయ్ కుడుమూ, సాస్ ఇలా పంపు. పిలిస్తే ఏమైంది, పంపేది సాస్. ఒకసారి వాణ్ణి, ఆ పిలిచినవాణ్ణి, జిమ్ క్లాసులో వెల్లకిలా వేసి భుజాలు రెండూ నేలకి ఆనించి, ఇప్పుడు పిలువు అంది. వాడు నవ్వాడు, పిలవలేదు. ఆ రోజు అద్దం ముందు చాలాసేపు నిలబడింది, జుట్టు వెనక్కి పట్టుకుని. అందంగా ఏం లేదు. మెలికలు పడి ఉంది, లోపలి గుంట మూసుకుపోయింది, ఒక చోట నీలంగా నరం. అందంగా లేదని చూస్తూ నిలబడింది, చూడ్డం ఆపలేదు, చూడగా చూడగా అది ముఖంలో తనకి తెలిసిన ఒకే ఒక్క భాగంలా అనిపించింది. ముక్కు నాన్నది, గడ్డం అమ్మమ్మది, కళ్ళు పెద్దమ్మవి అని పుట్టినప్పటి నుంచి అందరూ పంచేసుకున్నారు. దీన్ని ఎవరూ అడగలేదు.

మెడల్ లేదు కాబట్టే, అనుకుంది. మెడల్ ఉంటే ఫోటోకి చెవి అక్కర్లేదు, మెడల్ వేసుకుని దిగొచ్చు, జుట్టు కప్పినా ఫర్వాలేదు. లేదు కాబట్టే ఇది కావాలి. ఆ రోజు నేను అక్కడ ఉన్నానని చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఇదొక్కటే. దీన్ని కూడా తీసేస్తే ఆ హాలూ లేదు, ఆ గడ్డం లేదు, ఒక్క పాయింటు కూడా లేదు, అమ్మ అరుపు కూడా లేదు. వారం నుంచి వెతుకుతున్న జవాబు ఇదే, కానీ ఇప్పుడు చెప్పడానికి అమ్మ ఇక్కడ లేదు, పేటన్ తల చేస్తోంది.

"అమ్మమ్మా."

"ఊఁ."

"ఫోటోలో ఆ వేలు ఎవరిది?"

అమ్మమ్మ చేతిలో కొలాచీ అలాగే ఆగింది. నడవా వైపు చూడలేదు, చూడక్కర్లేదు కాబోలు. "ఏ వేలు?"

"తెలీనట్టు అడక్కు."

"లైల్ వాళ్ళమ్మ వేలే అయ్యుంటుంది," అంది అమ్మమ్మ. "ఆ రోజుల్లో ఆవిడే కుంచెతో దిద్దేది ఫోటోలన్నీ. కిటికీ దగ్గర కూర్చుని, తన చెయ్యి ముందు పెట్టుకుని చూసి వేసిందట. గోరు చూడు, నాకు ఎప్పుడైనా అంత గోరు ఉందా? పొద్దున లేస్తే ఆవుల దగ్గర."

"నువ్వు వెయ్యమన్నావా?"

"నన్నెవరడిగారు? ఫోటో ఇంటికొచ్చింది, చూస్తే వేలుంది. మా అమ్మ ఏడ్చింది, సంతోషంతో. మళ్ళీ మొలిచినట్టే ఉంది తల్లీ అంది. మా నాన్నేమో అంతకుముందు ఏడాదంతా నా చేతి వైపు చూడలేదు. మొక్కజొన్న ఒలిచే మిషను ఆపకుండా చెయ్యి పెట్టి దంటు లాగు అని చెప్పింది ఆయనే కదా. అందరం అలాగే లాగేవాళ్ళం, ఆపితే మళ్ళీ స్టార్టవడానికి పూటంతా పట్టేది." కొలాచీ జాలీ మీద పెట్టింది. "ఫోటో చూశాక ఆయన చాలా తేలిగ్గా అయిపోయాడు. అందుకే నేనేం అనలేదు."

"తాతయ్య?"

"మీ తాతయ్య ఆ ఫోటో స్టూడియో అద్దంలో చూసి, నన్ను చూడ్డానికే డాన్సు హాలుకి వచ్చాడు. పోల్కా మధ్యలో చెయ్యి పట్టుకుని తడుముతున్నాడు, తడుముతున్నాడు. ఏంటయ్యా వెతుకుతున్నావు అన్నాను. ఫోటోలో ఇంకోటి ఉందే, అన్నాడు." అమ్మమ్మ నవ్వింది, నవ్వుతూ చేయి ఏప్రన్‌కి తుడుచుకుంది. "పెళ్ళయి వచ్చేటప్పుడు ఆ ఫోటో నాతో తెచ్చుకోలేదే. మా అమ్మ పోయాక సామాన్లలో వచ్చింది. గోడకి కొట్టింది మీ అమ్మ. ముచ్చటపడి కొడుతుంటే వద్దని ఎలా అనను? అప్పటి నుంచి ఈ నడవాలో ఆ పిల్ల ముందు నుంచి పోతున్నాను, వస్తున్నాను. ఒక్కోసారి గుడ్‌మార్నింగ్ చెప్పాలనిపిస్తుంది, పరిచయం లేదు కదా అని ఊరుకుంటాను."

ఆ మాట అని అమ్మమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళిపోయింది, ట్రే కడగడానికి. అంత తేలిగ్గా అంది. నీళ్ళ చప్పుడులో బ్రెన్నా కూర్చునే ఉంది. ఈ గోడకి కొట్టే మేకు మీద నేను ముసలిదాన్నయ్యేదాకా ఒక పిల్ల వేలాడుతుంది, అనుకుంది. రెండు కుడి చెవుల పిల్ల. నా పిల్లలు వస్తారు, ఎవరు అంటారు, నేనే అంటాను, మరి నీ చెవి అంటారు. ఎండిపోయిన నాలుక పళ్ళకి అతుక్కుంది. ఎవరు తూస్తారు నన్ను ఇవాళ, అనుకుంది. ఎవరూ తూయరు. లైల్ గెర్డెస్ దగ్గర తూకం మిషనే లేదు. లేచింది. అమ్మ చెప్పిన కుర్చీలోంచి అమ్మ చెప్పిన సమయానికి ముందే లేచి, బల్ల దగ్గరికి వెళ్ళి, ఆప్రికాట్‌వి వదిలేసి, గసగసాలది తీసుకుని సగానికి సగం ఒకేసారి కొరికింది. వేడికి నోరు కాలింది. నల్లని గింజలు పంటి కింద చిటపటలాడాయి. రెండోది తీసుకుంది. గ్లాసు నిండా నీళ్ళు తాగింది, ఇంకో గ్లాసు తాగింది, గడ్డం మీదుగా కారింది, తుడుచుకోలేదు. తర్వాత తల మీదికి చేతులెత్తి మొదటి రోలరు లాగింది, ఎడమవైపుది.

"వచ్చేస్తుందే మీ అమ్మ," అంది అమ్మమ్మ.

"రానీ."

"నన్ను కూడా కలిపి తిడుతుంది."

"తిట్టనీ. నాకు జడలు వెయ్యి, మ్యాట్ మీదకి వేసుకునేవి. రెండు. చెవుల వెనక నుంచి."

అమ్మమ్మ తడి చేతులతో నిలబడి చూసింది. మీ అమ్మ చెప్పినట్టు వినవే అని పొద్దున అన్న మనిషి. తువ్వాలుకి చేతులు తుడుచుకుంది. "వంగు," అంది. "అంత పొడుగెందుకు పెరిగావో." సగం చుట్టుకున్న ఉంగరాలు ఎటుపడితే అటు లేచాయి, వాటిని దువ్వెనతో లాగి, వేలు లేని ఆ సందులో ఒక పాయ ఇరికించి, మిగతా వేళ్ళతో అల్లుతూ, లాగింది గట్టిగా, కళ్ళు సాగేలా. బ్రెన్నా బల్ల అంచు పట్టుకుంది. ఇంకా గట్టిగా, అంది.

బయట కంకర మీద కారు చప్పుడు. కారు తలుపు. అమ్మ అడుగులు, వీధి తలుపు, నడవా, గోడ మీది అమ్మ, పెద్దమ్మ, అమ్మమ్మ, అందరి ముందు నుంచీ నడిచొచ్చి అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. బల్ల మీద రోలర్లు, దొర్లుతూ ఒకటి. జాలీ మీద ఖాళీలు. బ్రెన్నా అమ్మకేసి చూసి నవ్వింది, పెదవులు విప్పి, కావాలనే.

"గసగసాలు," అంది అమ్మ.

"అవును."

"అమ్మా, నువ్వైనా చెప్పకూడదా?"

"నేను ఆప్రికాట్ అనే చెప్పాను," అంది అమ్మమ్మ.

అమ్మ సంచీ కుర్చీలో పడేసింది. అమ్మ మాట్లాడకపోతే ఎంత దూరమో బ్రెన్నాకి తెలుసు, డాక్టరు దగ్గర్నుంచి ఇంటిదాకా దూరం. జవాబు నోటి చివర ఉంది, మెడల్ లేదు కాబట్టే అన్న జవాబు, పొడుగ్గా, అందంగా, ఇందాకటి నుంచి తయారు చేసుకున్నది. తీరా నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "ఆ రోజు నువ్వు అరిచింది ఈ చెవిలోనే వినపడింది నాకు. నడుము ఎత్తు అన్నావు. ఇంకెవరిదీ వినపడలేదు." ఊపిరి తీసుకుంది. "లైల్‌కి నేనే చెప్తాను. దీన్ని మార్చాడా, ఆ ఫోటో ఈ ఇంటికి రాదు. మేకు నేనే పీకేస్తాను."

కుళాయి ఒక్కో బొట్టూ కారుతోంది. అమ్మ చేయి నోటికి అడ్డం వెళ్ళింది, నవ్వనప్పుడు కూడా వెళ్తుంది అప్పుడప్పుడు. జడలకేసి చూసింది, ఎడమది, కుడిది, మళ్ళీ ఎడమది. ఊరందరి పిల్లల తలలూ చేసే మనిషి కళ్ళు అవి, ఎంత కోపంలో ఉన్నా చూడకుండా ఉండలేవు.

"పాపిడి వంకరగా ఉంది," అంది.

బ్రెన్నా చెయ్యి పాపిడి మీదికి వెళ్ళింది.

"ఈ వంకర పాపిడితో నా సెలూన్ ముందు నుంచి ఎలా పోతావు? కూర్చో." దువ్వెన తన ఏప్రన్ జేబులోంచి తీసింది. "అమ్మా, జరుగు. నువ్వు ఆవు తోకలు అల్లినట్టు అల్లావు." అల్లినవి విప్పేసింది, దువ్వెన మొనతో నుదుటి నుంచి వెనక మెడ దాకా ఒక్క గీత గీసింది, నిమ్మళంగా, తిన్నగా. పాయలు విడదీసింది. ఎడమ చెవి దగ్గరికి వచ్చేసరికి ఆ వేళ్ళు అలవాటుగా చుట్టూ తిరిగి పోబోయి, ఆగి, వెనక్కి వచ్చాయి. బొటనవేలు చెవి మీద పడింది. మెలికల మీదుగా నెమ్మదిగా జరిగింది.

"నొప్పా?"

"లేదు."

"ఇక్కడ?"

"అక్కడ ఏమీ తెలీదు. కిందకొస్తే తెలుస్తుంది."

బొటనవేలు కిందకొచ్చింది. తెలిసింది. కాసేపు అక్కడే ఉంది, తర్వాత పక్కన లేచిన చిన్న వెంట్రుకలన్నిటినీ పోగుచేసి, ఒక్కటి కూడా చెవి మీదికి రాకుండా, వెనక్కి లాగి జడలో కలిపేసింది. "చూపించదలచుకుంటే సరిగ్గా చూపించు," అంది గొణుగుతున్నట్టు. "సగం సగం ఎందుకు." స్ప్రే కొట్టింది. అమ్మమ్మ తుమ్మింది.

"కుడి చెంప పెట్టమంటాడు లైల్," అంది అమ్మ, రబ్బరు బ్యాండు బిగిస్తూ. "మేమందరం అటే కదా తిరిగి ఉన్నాం. నువ్వు ఎడమది పెడితే గోడ మీద నువ్వొక్కదానివే ఇటు తిరిగి ఉంటావు."

"ఉంటాను. మిమ్మల్నందర్నీ చూస్తూ ఉంటాను."

"చూసి ఏం చేస్తావే?" అంది అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"నీ చోట వేలాడుతున్న ఆ పిల్ల ఎవరని అడుగుతా."

అమ్మ నవ్వింది, రెండు చేతుల్లో దువ్వెనా స్ప్రే డబ్బా ఉండి అడ్డం పెట్టుకోడానికి వీల్లేక, పన్ను బయటపడేలా నవ్వింది. కారులోకి నడువు, అంది, టైము దాటిపోతోంది, పళ్ళు తోముకుని రా ముందు. బ్రెన్నా పళ్ళు తోముకోలేదు. నడవాలోంచి వెళ్తూ మేకు దగ్గర ఆగింది, దాని కింద వీపు ఆనించి నిలబడి, గడ్డం కొంచెం ఎత్తి, ముఖం ఎడమ చెంప ముందుకొచ్చేలా తిప్పింది. ఫోటోల్లోని ముగ్గురు అమ్మాయిలూ తన వైపే చూస్తున్నారు. వాళ్ళు ఎప్పుడూ తలుపు వైపే చూస్తారు, ఈ చోట నిలబడితే కానీ తన వైపని తెలీదు. నాలుకతో పళ్ళ సందు తడుముకుంది. గసగసాల గింజ ఒకటి ఇంకా ఉంది. ఉండనీ, అనుకుని, తలుపు తోసి ఎండలోకి దిగింది.